బ్రేకు తీసేసిన సైకిలు

మా మనవడు కొత్త మోటారుసైకిలు తెచ్చుకుని వారం తిరగకుండానే దాన్ని పెరట్లో గోనెపట్టా మీద నిలబెట్టి ఒక్కొక్కటే విప్పడం మొదలుపెట్టాడు. చక్రాల మీది మడ్గార్డులు తీసేశాడు, వెనక సామాను పెట్టుకునే ఇనుప చట్రం తీసేశాడు, పక్కనున్న అద్దం ఊడదీసి వాళ్ళమ్మకు బొట్టు పెట్టుకోవడానికి ఇచ్చాడు. కోతలైపోయిన చేలల్లోనూ, కాలువగట్ల మీదా, రేవుల దగ్గర బురదలోనూ పడి ఎవరు ముందు పోతారో చూద్దామని స్నేహితులంతా పందెం వేసుకున్నారట. కొత్త బండిని ఈకలు పీకిన కోడిని చేస్తున్నాడని మా కోడలు ఒకటే గోల. నేను నులకమంచం మీద కూర్చుని చుట్ట కాల్చుకుంటూ చూస్తున్నాను. చివరికి వాడు బ్రేకు దగ్గరికి వచ్చి, దాని తీగ లాగి చూసి, నూనె వేసి, మళ్ళీ లాగి చూసి, ఏది ఊడినా ఫరవాలేదు గాని ఇది మాత్రం గట్టిగా ఉండాలి తాతయ్యా అన్నాడు. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నానో వాడికి అర్థం కాలేదు, నేనూ చెప్పలేదు. చెబితే ముసలాయన గొప్పలు పోతున్నాడనుకుంటాడు.

మీరైతే నా ఈడువారు. మా వైపుకు రైలు రాని రోజులూ, కాలువ పడవ తప్ప వేరే బండి లేని రోజులూ మీకు తెలుసు. మునసబు గారి అరుగు ముందు నుంచి నడవాలంటే చెప్పులు చేత్తో పట్టుకోవలసిన రోజులు కూడా మీలో కొందరికి గుర్తుండే ఉంటాయి. గుర్తు లేదనేవాళ్ళు ఆ అరుగు మీద కూర్చున్నవాళ్ళ తాలూకు అయి ఉంటారు. వాళ్ళ మీద నాకిప్పుడు కోపమేమీ లేదు, కాని మరిచిపోవడం మాత్రం నాకు చేతకాదు.

మాది నరసాపురానికీ పాలకొల్లుకూ మధ్యన, గోదావరి పాయ ఒడ్డున, వల మీద బతికే వాళ్ళ పల్లె. మగవాళ్ళు వేటకు వెళితే ఆడవాళ్ళు గంపలెత్తుకుని ఊళ్ళ మీద పడేవారు. అందరిలోకీ పేరున్నది మా మేనత్త, అంటే మా నాన్నకు అక్క. చిన్నతనంలోనే మొగుడు ఏట్లో పోతే, ఎవరి గడపా తొక్కకుండా, ఎండుచేపల వ్యాపారం పెట్టి కాకినాడ దాకా పడవల మీద సరుకు పంపించిన మనిషి. నోరు తెరిచిందంటే రేవులో కాకులు కూడా లేచిపోయేవి. పిల్లలు లేరు, నన్నే పెంచుకుంది. మా నాన్న ఆవిడకు పూర్తిగా వ్యతిరేకం. ఎదుటివాడు దగ్గితే తాను తప్పు చేశాననుకునే మనిషి. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెదొక దారి అని అక్కను గురించి గొణిగేవాడు, అదీ ఆవిడ వినకుండా.

ఆవిడ ఒకసారి కాకినాడ వెళ్ళి, ఓడ దిగిన సరుకులో సైకిలును చూసింది. ఇంకేముంది, మనసు దాని మీద పడింది. దానికి కారణం షోకు కాదు. మేము కావడి మీద చేపలు మోసుకుని పాలకొల్లు చేరేసరికి ఎండ నెత్తికెక్కేది, చేప కళ్ళు మసకబారేవి, మొప్పలు నల్లబడేవి. పాలకొల్లుకు అవతలి వైపు పల్లెల వాళ్ళు మాకంటే ముందే వచ్చి సంతలో మంచి చోట్లు పట్టుకునేవారు. రెండు చక్రాల మీద గంప కట్టి పంపితే చేప ఇంకా మెరుస్తుండగానే సంతకు చేరుతుందని ఆవిడ లెక్క. మొత్తానికి ఒకనాటి సాయంత్రం చెక్కపెట్టెలో సర్దిన కొత్త సైకిలు కాలువ పడవలోంచి మా రేవులో దిగింది. పల్లె పల్లెంతా వచ్చి చూసింది.

కొత్త నావకు ఏమేం చేస్తామో దానికీ అవన్నీ జరగవలసిందేనని అత్త పట్టుబట్టింది. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టించింది, కొబ్బరికాయ కొట్టించింది, నావ ముక్కుకు కళ్ళు దిద్దినట్టే హ్యాండిలు కింద పసుపుతో రెండు కళ్ళు దిద్దింది, గంగమ్మకు దణ్ణం పెట్టించింది. అంతవరకు బాగానే ఉంది. ఉప్పుగాలికి ఇనుము తుప్పు పడుతుందని చెప్పి, నావ చెక్కలకు పట్టించే సొరచేప నూనె తెచ్చి సైకిలు మొత్తానికి, గొలుసుతో సహా దట్టంగా పట్టించింది. మర్నాటి నుంచి పల్లెలోని పిల్లులన్నీ మా వాకిట్లోనే కాపురం. నేను ఇసుకదిబ్బ మీద సైకిలు నేర్చుకుంటుంటే అవి వరసగా వెంటబడేవి, పడ్డప్పుడల్లా వచ్చి గొలుసు నాకేవి. ఆ వాసన చివరిదాకా ఆ బండిని వదల్లేదు. ఇప్పటికీ సొరచేప నూనె వాసన తగిలితే నా మోకాళ్ళు తొక్కుడుకు సిద్ధమవుతాయి.

పాలకొల్లు వెళ్ళాలంటే దారిలో ఒక పెద్ద ఊరు దాటాలి. కాలువ మీద వంతెన ఆ ఊరి పెద్ద వీధి చివరే ఉంది, ఇంకో దారి లేదు. ఆ వీధి మధ్యలో మునసబు గారి అరుగు. పొద్దున్నే వేపపుల్ల నోట్లో పెట్టుకుని ఆయన అక్కడ కూర్చునేవారు, మధ్యాహ్నం భోజనానికి లేచేవారు. గుర్రమెక్కినవాడైనా, బండి తోలేవాడైనా ఆ అరుగుకు ఇవతలే దిగి, నడిచి, అవతల మళ్ళీ ఎక్కాలి. ఆయన బంధువులైతే మర్యాదకు దిగేవారు, మావంటివాళ్ళం భయానికి దిగేవాళ్ళం. దిగడం ఒకటే గాని దిగేవాళ్ళ మొహాలు ఒకటి కావు.

నేను మొదటిసారి గంప నిండా పండుగప్ప చేపలు కట్టుకుని బయలుదేరిన రోజున ఆ సంగతి గుర్తుండే దిగాను. వెనక బరువు ఉన్నప్పుడు సైకిలు మీద కూర్చుంటేనే అది నిలుస్తుంది, దిగితే నిలవదు. దిగిన మరుక్షణం ముందు చక్రం పైకి లేచింది, బండి వెనక్కి తిరగబడింది, పండుగప్పలన్నీ దుమ్ములో దొర్లాయి. అరుగు మీదున్న వాళ్ళందరూ నవ్వారు. మునసబు గారు మాత్రం నవ్వలేదు. చేపలన్నీ ఏరుకుని వీధి కడిగి వెళ్ళమన్నారు. కడిగాను. కాలువ నుంచి నీళ్ళు మోసుకొచ్చి ఆ వీధి కడుగుతుంటే నా కంటి నీళ్ళు కూడా అందులో కలిశాయని చెప్పడానికి ఈ వయసులో నాకు సిగ్గేమీ లేదు. మట్టి కొట్టుకుపోయిన చేపలతో ఇంటికి వస్తే అత్త వాటిని చూసింది, నన్ను చూసింది, ఒక్క మాట కూడా అనలేదు. ఆవిడ మాట్లాడలేదంటే మా ఇంట్లో అందరికీ భయం.

ఇక్కడ దొర సంగతి చెప్పాలి. కాలువల మీద ఇంజనీరుగా ఒక తెల్లదొర ఉండేవాడు. ఎండాకాలం కాలువలకు నీళ్ళు కట్టేసి, పూడిక తీసే రోజుల్లో వంతెన అవతలి బంగళాలో మకాం పెట్టేవాడు. ఆయనకు పొద్దు గడవక, కట్టేసిన కాలువ అడుగున సైకిళ్ళ పందెం పెడతానని చాటింపు వేయించాడు. కింది లాకు దగ్గర మొదలుపెట్టి, కాలువలో ఒండ్రు మీదుగా వచ్చి, పెద్ద ఊరి రేవు దగ్గర గట్టెక్కి, పెద్ద వీధిలోంచి వంతెన దాటి బంగళా చేరాలి. సైకిలున్నవాడు ఎవడైనా రావచ్చు. ఆ దొర మమ్మల్ని ఉద్ధరించడానికి ఇది పెట్టలేదని ముందే చెబుతున్నాను, ఆయనకు మా పేర్లు కూడా తెలియవు. కాని ఎవడైనా రావచ్చన్న మాట అత్త చెవిన పడింది. బంగళాలో వంటవాడికి రొయ్యలు వేసేది ఆవిడే. ఆ సాయంత్రానికల్లా నా పేరు చేరిపోయింది.

పందెంలో గెలవాలని కాదు ఆవిడ పట్టుదల. దొర చూస్తుండగా, ఊరంతా చూస్తుండగా, నేను ఆ వీధిలో దిగకుండా వెళ్ళాలి. ఒక్కసారి వెళితే రెండోసారి వెళ్ళొచ్చు. రెండోసారి వెళితే చేపల గంపతో వెళ్ళొచ్చు. అది జరగకపోతే కొత్త సైకిలు పిల్లులకు నాకించుకోవడానికి తప్ప ఎందుకూ పనికిరాదు. నాన్న మొత్తుకున్నాడు.

“నీళ్ళలో ఉంటా మొసలితో పగేంటే అక్కా?”

“మొసలుందని నీళ్ళు మానేత్తే మనం తినేదేంట్రా?” అంది అత్త.

నా పేరిచ్చారని పెద్ద ఊళ్ళో తెలిసింది. మునసబు గారి అల్లుడు గారు కూడా పందెంలో ఉన్నారు. పాలకొల్లులో ఉండే ఆయన, వేసవికి మామగారింటికి వచ్చారు. మంచి మనిషి, మంచి సైకిలు. ఆయన పక్కన చేపలవాడు తొక్కడమేమిటని మాట వచ్చింది, మానుకోమని కబురు వచ్చింది. మేము మానుకోలేదు. మర్నాడు తెల్లవారి చూస్తే, గెడల మీద ఆరవేసిన నాన్న వల నిలువునా కోసేసి ఉంది. ఎవరు కోశారో మేము చూడలేదు, అందుకని ఎవరి పేరూ చెప్పను. ఆ వల నాన్న రెండు వేసవుల పాటు కూర్చుని స్వయంగా అల్లుకున్నది. తుమ్మచెక్క కషాయంలో నానబెట్టి, ఆరబెట్టి, బిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నది. ఆయన దాని ముందు గొంతుకూర్చుని చాలాసేపు చేతితో తడుముతూ ఉండిపోయాడు. ఏడుస్తాడేమో, ఇక పందెం వద్దంటాడేమో అనుకున్నాను. లేచి, కోసిన వలను పోగులుగా విడదీయడం మొదలుపెట్టాడు. ఎందుకని అడిగితే, ఒండ్రులో రబ్బరు నిలవదురా, జారిపోతుంది, చక్రానికి తాడు చుడితే పట్టు దొరుకుతుంది అన్నాడు. దగ్గు వింటే జడిసే మనిషి అన్న మాట అది. ఆ రోజు నుంచి మా నాన్నను పిరికివాడని నేను మనసులోనైనా అనుకోలేదు.

అప్పటి నుంచి మా వాకిలి ఓడలు కట్టే చోటులా తయారైంది. కట్టేసిన కాలువలోకి దింపి ఒకసారి తొక్కి చూస్తే, బంకమట్టి మడ్గార్డులోకి దూరి చక్రాన్ని బిగించేసింది, నేను హ్యాండిలు మీంచి ఎగిరి బురదలో బోర్లా పడ్డాను. దాంతో మడ్గార్డులు ఊడదీశాం. గొలుసు మీది రేకు తీసేశాం. సొరచేప నూనెకు బురద అంటుకుని గొలుసు బిగుసుకుపోతోందని, బూడిద పెట్టి తోమి, ఆముదం పలచగా రాశాం; పిల్లులు చాలా నొచ్చుకున్నాయి. సీటు కింద వల తేలడానికి కట్టే బెండ్లు కట్టి ఎత్తు పెంచాం, ఎందుకంటే బురదలో నిలబడి తొక్కుతున్నవాడికి కూర్చునే చోటు దగ్గరగా ఉండాలి. నాన్న వెనక చక్రానికి తాడు చుట్టాడు. చక్రం చువ్వల మధ్యనుంచి తాడు దూర్చి, టైరు మీదుగా తీసి, నావకు తెడ్డు కట్టినప్పుడు వేసే ముడి వేశాడు. ఆ ముడి తడిసేకొద్దీ బిగుస్తుందే గాని సడలదు. వెనక చక్రం ఒండ్రును అమోఘంగా పట్టుకుంది. కాని ముందు చక్రం ఎటుపడితే అటు జారుతోంది.

ముందు చక్రానికి కూడా తాడు చుడదామంటే బ్రేకు అడ్డం వచ్చింది. ఆ రోజుల బ్రేకు ఇప్పటిలా కాదు. హ్యాండిలు దగ్గర మీట నొక్కితే ఒక ఇనుప కడ్డీ దిగి, రబ్బరు ముక్కను టైరు మీద అదిమేది. టైరు మీద తాడు ముళ్ళుంటే అది పట్టుకుని లాగేస్తుంది. తాడైనా ఉండాలి, బ్రేకైనా ఉండాలి, రెండూ ఒకచోట ఉండవు. నాన్నా నేనూ దిగాలుగా కూర్చున్నాం. తమలపాకులకు సున్నం రాసుకుంటున్న అత్త మా మాటలు విని, తలెత్తి, అది లేకపోతే బండి ఆగదా అని అడిగింది. ఆగుతుందే, మన బండికి చక్రం తిరిగినంతసేపూ కాళ్ళూ తిరుగుతాయి కదా, కాళ్ళు బిగబట్టి వెనక్కి నొక్కితే మెల్లగా ఆగుతుంది అని చెప్పాను. ఆ సంగతి మునసబు గారికి తెలుసా అంది. సైకిలెక్కని వాళ్ళెవరికీ తెలియదన్నాను. అత్త లేచి, ఆకులు పక్కన పెట్టి, బ్రేకు తీయించి, కడ్డీతో సహా పట్టుకుపోయి గోదావరిలోకి విసిరేసింది. దాచుకోవచ్చు కదే అంటే, ఉంటే పెట్టుకోబుద్ధవుతుందిరా అంది.

పందెం రోజున కాలువకు రెండు గట్ల మీదా తిరునాళ్ళలా జనం. తాడు చుట్టిన మా బండిని చూసి కొందరు కాలు విరిగినవాడికి కట్టు కట్టినట్టుందని ఎగతాళి చేశారు. దొర మాత్రం వచ్చి వంగి చూసి, ముడి పట్టుకుని లాగి, ఏదో అనుకుని వెళ్ళిపోయాడు. గుమాస్తాలూ, ఓవర్సీయర్ల బావమరుదులూ, ఒక డాక్టరు గారి అబ్బాయీ అందరూ తోమిన బండ్లతో వచ్చారు. కాలువలోకి దిగిన కాసేపటికే ఆ తోముడంతా ఒండ్రు పాలైంది. మడ్గార్డుల్లో బంకమట్టి దూరి ఒక్కొక్కరే ఆగిపోతుంటే, గట్టు మీద జనం వాళ్ళను బయటికి లాగడానికి తాళ్ళు వేశారు. నేను చూపు ఎత్తకుండా తొక్కాను. చిన్నప్పటి నుంచి పోటు తీసి నీళ్ళు తగ్గిన ఏటిలో తిరిగినవాణ్ణి, ఒండ్రు ఎక్కడ గట్టిగా ఉంటుందో దాని మీది మెరుపును బట్టి తెలుస్తుంది. వల తాడు ఆ ఒండ్రును కరుచుకుని కదిలింది. కాని అల్లుడు గారు తెలివిగా, కాలువ అంచున ఎండిన మట్టి మీదనే పోతూ, నాకంటే ముందే గట్టెక్కేశారు. నేను రేవు మెట్ల పక్క వాలులోంచి పైకి వచ్చేసరికి ఆయన పెద్ద వీధిలో మలుపు తిరుగుతున్నారు.

వీధి మొదట్లోకి వచ్చాను. రెండు పక్కలా జనం, మధ్యలో అరుగు, అరుగు మీద కొత్త పంచె కట్టుకుని మునసబు గారు. అల్లుణ్ణి చూసి ఆయన ముఖం వికసించింది. అల్లుడు గారు కూడా మామగారిని చూశారు. అలవాటు మనిషిని ఎంత పని చేయిస్తుందో చూడండి: మామగారి ముందు అల్లుడు వాహనం మీద వెళ్ళడం మర్యాద కాదు కదా, ఆయన పందెం సంగతే మరిచిపోయి, అరుగుకు ఇవతలే టక్కున దిగి, ఉత్తరీయం సవరించుకుని, రెండు చేతులూ జోడించారు. దిగాక గాని ఆయనకు తెలియలేదు ఏం చేశారో.

నేను వెనకే వస్తున్నాను. మునసబు గారి చూపు నా మీద పడింది. ఆ చూపు మీలో కొందరికి తెలిసే ఉంటుంది. నోటితో దిగమని చెప్పనక్కర లేని చూపు అది. ఆపాలంటే బ్రేకు అవసరం లేదు, కాళ్ళు కొంచెం బిగబడితే చాలు. దుమ్ములో దొర్లిన పండుగప్పలు గుర్తొచ్చాయి. నా కాళ్ళ కింద చక్రానికి చుట్టి ఉన్నది నాన్న వల అని గుర్తొచ్చింది. బిగబట్టలేదు. ఎవరో దిగరా అని అరిచారు.

“ఆగదండి బాబూ! బ్రేకు లేదండి!” అని గొంతు చించుకుని అరిచి, అరుగు ముందునుంచి, చేతులు జోడించి నిలబడిన అల్లుడు గారి పక్కనుంచి, తల వంచకుండా వెళ్ళిపోయాను. తాడు ముళ్ళు నేల మీద పడే టపటప మాత్రం వినబడింది. అలాగే వంతెన దాటి, అందరికంటే ముందు బంగళా చేరాను.

దొర ఒక వెండి గిన్నె ఇచ్చాడు. అత్త దాన్ని చాలా ఏళ్ళు రొయ్యలు కొలవడానికి వాడింది.

ఆ సాయంత్రం పిలుపు వచ్చింది. అత్తా, నాన్నా, నేనూ అరుగు ముందు నిలబడ్డాం. మునసబు గారు కేకలు వేయలేదు, అది ఇంకా భయంగా ఉంది. పందెం దొరగారిది, దాని సంగతి వేరు అన్నారు. రేపటి నుంచి మాత్రం మీవాణ్ణి దిగి నడిపించుకుపొమ్మను, కావాలంటే బ్రేకు పెట్టించుకోమను అన్నారు.

“బ్రేకు గోదారమ్మ పట్టుకుపోయిందండి బాబయ్యగారూ,” అంది అత్త. “ఆగే బండైతే ఆగేవోడేనండి. అది ఆగే రకం కాదండి. మరి మావోడి బండి ఇక్కడాగి తీరాలంటే, మా గంపలు మాత్రం ఇక్కడ ఆగవండి.”

ఆయనకు ఆ మాట అప్పుడు అర్థం కాలేదు. మర్నాటి నుంచి అర్థమైంది. మా పల్లె ఆడవాళ్ళందరూ గంపలెత్తుకుని ఎప్పటిలాగే ఆ వీధిలోంచే వెళ్ళారు, కాని ఒక్కరూ కేక వెయ్యలేదు, ఒక్క గుమ్మం ముందూ గంప దించలేదు. చేపలు, చేపలు అని వినబడే వీధి మూగబోయింది. ఎవరైనా పిలిస్తే, మా గంపలకీ బ్రేకు లేదమ్మగారూ అని నవ్వుకుంటూ పోయేవారు. వేసవి రోజులు, ఇంట్లో అల్లుడు. మన వైపు అల్లుడు వచ్చిన ఇంట్లో చేపల పులుసు లేదంటే ఊళ్ళో ఏమనుకుంటారో మీకు నేను చెప్పాలా? ఆ మహానుభావుడు ముద్దపప్పూ, గోంగూరా, మళ్ళీ ముద్దపప్పూ తిన్నాడు. మునసబు గారి భార్య పెరటి గుమ్మం దాకా వచ్చి మా అత్తను స్వయంగా పిలిచిందట. ఆవిడ మీద మాకు ఏ కోపమూ లేదు, అయినా అత్త ఆగలేదు. ఆ రోజుల్లో మాకు కూడా నష్టమే, చేపలు ఎండబెట్టుకోవలసి వచ్చింది. నాన్న కొత్త వల అల్లుతూ, ఒక్కసారైనా ఇక చాలనలేదు.

ఒకరోజు పొద్దున్న గంప కట్టుకుని, గుండె చేతబట్టుకుని ఆ వీధిలోకి తిరిగాను. మునసబు గారు అరుగు మీదనే ఉన్నారు. నా సైకిలు గంట విని తలెత్తారు, చూశారు, వేపపుల్లతో సహా అటు తిరిగి గోడ వైపు ముఖం పెట్టి కూర్చున్నారు. నేను దిగలేదు. ఆయన చూడలేదు. చూడనిది జరగలేదని ఆయన లెక్క, దిగకపోతే గెలిచినట్టని మా లెక్క. ఆ మధ్యాహ్నమే మా అత్త గంప ఆ ఇంటి పెరట్లో దిగింది, అందులో అన్నింటికంటే పెద్ద పండుగప్ప అల్లుడు గారికి వెళ్ళింది. ఆ తరువాత మునసబు గారు బతికినన్నాళ్ళూ నా గంట వినబడగానే గోడ వైపు తిరిగేవారు. సరేనని ఒక్కమాట అనలేదు, కూడదనీ అనలేదు. తమాషా ఏమిటంటే, కొన్నేళ్ళకు ఆ వీధిలో అందరూ సైకిళ్ళ మీద దర్జాగా వెళ్ళడం మొదలుపెట్టారు, అరుగు ముందు దిగేవాళ్ళు ఆయన కొడుకులూ అల్లుళ్ళూ మాత్రమే మిగిలారు.

ఆ బండి అరిగిపోయాక నేను పాలకొల్లులో సైకిళ్ళ కొట్టు పెట్టుకున్నాను, చిన్నప్పుడు మిషను బడిలో నేర్చుకున్న నాలుగక్షరాలు అక్కడ పనికొచ్చాయి. ఎన్నో బ్రేకులు బిగించాను. అత్త పోయింది, నాన్న పోయాడు. ఇన్నేళ్ళలో ఆ వీధిలోంచి ఎన్నిసార్లు వెళ్ళానో చెప్పలేను గాని, ఆ అరుగు ఉన్న చోట ఒక్కసారైనా కాలు కింద పెట్టలేదు. మొండితనమంటారా, అనండి.

మొన్న మా మనవడు పందెంలో బురద కొట్టుకుని మూడోవాడిగా వచ్చాడు. ఆ సంతోషంలో, కడిగి తుడిచిన మోటారుసైకిలు మీద నన్ను ఎక్కించుకుని పాలకొల్లు బయలుదేరాడు. ఎండగా ఉంది. పెద్ద వీధిలోకి రాగానే ఒక సోడా కొట్టు ముందు ఆపాడు. అరుగు లేదు, ఎప్పుడో కొట్టేశారు. ఆ జాగాలోనే ఆ కొట్టు. దిగు తాతయ్యా, సోడా తాగుదాం అన్నాడు. నాకు నాలుక పిడచగట్టుకుపోతోంది. దిగను, పోనీయరా అన్నాను. ఏమైందని వాడు, ఏం కాలేదు పోనీయమని నేను. మా గొడవ చూసి కొట్టులోంచి ఒక యువకుడు బయటికి వచ్చాడు. ఆ ముక్కూ ఆ కనుబొమలూ చూడగానే తెలిసింది, మునసబు గారి మునిమనవడు.

“మీరు దిగకండి తాతగారూ,” అన్నాడు. “పెద్దవారు, ఎండలో దిగడం ఎందుకండీ, కూర్చోండి. నేను తెచ్చిస్తాను కదండీ.”

పరుగున లోపలికి వెళ్ళి, సోడా కొట్టి, రెండు చేతులతో పట్టుకుని తెచ్చి అందించాడు. ఆ పిల్లవాడికి ఏమీ తెలియదు. ముసలివాణ్ణని అన్నాడు, మన గోదావరి వాళ్ళ నోటికి అలవాటైన మర్యాద అది. మా అత్త ఆ మాట ఈ ఇంటివాళ్ళ నోట వినడానికి బ్రేకును ఏట్లో పారేసింది, మా నాన్న కోసిన వల పోగులు విప్పాడు. ఇప్పుడది అడగకుండానే దొరికింది, దాని విలువ తెలిసినవాణ్ణి ఆ వీధిలో నేనొక్కణ్ణే మిగిలాను. ఎవరికీ గుర్తు లేకపోవడమే మా గెలుపనుకోవాలేమో.

సోడా చల్లగా ఉంది. బండి మీద కూర్చునే తాగాను.